నింగిలో క్షణములు – నేలపై తీర్పులు

1993వ సంవత్సరము నవంబరు 15వ తేదీ ఉదయమున మదరాసునుండి హైదరాబాదునకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్సువారి ఎయిర్‌బస్సు హైదరాబాదున దిగలేదు. మరల మదరాసునకును చేరలేదు. తిరుపతి సమీపమున వరిచేలలో దిగినది. అందు 260 మందికి పైగా జనులుండిరి. ఒక్క ప్రాణమైనను పోలేదు. మొగల్తూరువారికి ఇది పరాయి వార్త కాదు. ఈ యూరి బిడ్డయైన చిరంజీవి ఆ విమానములో నుండెను; విజయశాంతి మొదలుగా మరికొందఱు తెలుగు సినిమా ప్రముఖులును ఉండిరి.

నేనప్పటికి హైస్కూలు పిల్లవాడను. ఆనాడు మా వీథి అరుగులమీద జరిగిన ప్రసంగము నాకింకను జ్ఞాపకమున్నది. సగముమంది తిరుపతి వేంకటేశ్వరుని కొనియాడిరి. తక్కినవారు పైలటును కొనియాడిరి. విమానమునకు చేనిలో దిగవలసిన గతి యేల పట్టెనని అడిగినవాడు ఒక్కడే. అతడు నరసాపురము రేవున పంటు నడుపు సరంగు. "ఆయిలు ఎంతుందో చూసుకోకుండా అంత దూరం ఎందుకు బయల్దేరాడండీ?" అని అతడడిగెను. "ప్రాణాలు దక్కాయి గదరా, ఇంకేం కావాలి?" అని ఒక పెద్దమనిషి అతనిని కసరెను. ప్రశ్న అంతటితో ఆగిపోయినది.

ముప్పదియేండ్లు గడచిన పిదప ఆ సరంగు ప్రశ్ననే నేను మరల నెత్తుకొనుచున్నాను. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదులో విమానము కూలినది. ఒక మాసమునకు ప్రాథమిక నివేదిక వెలువడినది. ఆ మఱునాడు మా పఠనమందిరములో నేను విన్న చర్చ 1993 నాటి దానికి సరిగా తలక్రిందులుగా నుండెను. పైలటులలో ఫలానివాడే దోషియని కాఫీ చల్లారకమునుపే తీర్పు వచ్చినది. బ్రతికించినవాడు దేవుడు, బ్రతికింపలేనివాడు ద్రోహి! ఈ రెండు తీర్పులలోను విచారణ యన్నది లేదు. న్యాయస్థానములలో ఇరువదియేండ్లు నిలబడినవాడను గనుక ఇది నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది.

తిరుపతి వృత్తాంతమును ముందుగా చూతము. ఆ ఉదయము హైదరాబాదున చూపు ఆనని స్థితి యేర్పడెను. అప్పటి విమానాశ్రయము బేగంపేటలో నుండెను. దిగబోయిన విమానము దిగక మరల పైకి లేచినది. ఇందు తప్పేమియు లేదు. నేల కనబడనిచోట దిగకుండుటయే వైమానికుని మొదటి ధర్మము. కాని పైకి లేచునపుడు మఱియొక చిక్కు వచ్చిపడెను. దిగుటకై ఱెక్కలనుండి చాపిన ఫ్లాపులు మరల లోనికి ముడుచుకొనక ఇఱుకుకొనెను.

ఫ్లాపులనగా నేమో, చేనిగట్టున కొంగ వ్రాలుట చూచిన డెల్టావారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. దూరమెగురునపుడు కొంగ ఱెక్కను బిగించి చాచును. వ్రాలునపుడు ఈకలు విప్పి, ఱెక్కను వంచి, గాలిని పట్టి నెమ్మదించును. విమానపు ఱెక్కకును అంతియే. విప్పిన ఱెక్కతో మెల్లగా దిగవచ్చును గాని దూరము పోవుట మహాకష్టము. వేగము పెంచరాదు, మిక్కిలి యెత్తునకు పోరాదు, గాలి నిరంతరము వెనుకకు లాగుచుండును. కావున మైలుమైలునకు తగులబడు ఇంధనము చాల హెచ్చును. అట్టి ఱెక్కతో, దాపున వేఱొకచోటు కుదురక, విమానము మదరాసునకే మరలినది. ఆకాశమార్గమున అది సుమారు 500 కిలోమీటర్లు. నడుమదారిలో ఇంధనము చాలదని తేలెను. తిరుపతివైపు త్రిప్పిరి. అక్కడి రన్‌వే యును అందలేదు.

అటుపిమ్మట జరిగిన దానిని ఎంత పొగడినను తక్కువయే. సుమారు నూఱు టన్నుల బరువు, గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగము. క్రింద రన్‌వే లేదు, దీపములు లేవు, నేల మెత్తనిదో గట్టిదో తెలియదు, గట్లెక్కడనో కాలువలెక్కడనో పైనుండి తెలియదు. దిగినది బాగుగా లేదని మరల లేచి ఇంకొకసారి ప్రయత్నించుటకు ఇంధనము లేదు. వరిచేనిని నెమ్మదిగా ఎన్నుకొనుటకు వ్యవధి లేదు. ముక్కు ఎంత ఎత్తవలెనో, ఱెక్కలు ఎంత సమముగా నుంచవలెనో చేతులకే తెలియవలెను. ఒక ఱెక్క ముందుగా నేలకు తగిలినచో కథ వేఱుగ నుండెడిది. 260 మందికి పైగా జనులు బురదలో కాళ్లు పెట్టి నడచి వచ్చిరి.

అయినను సరంగు ప్రశ్న సరంగు ప్రశ్నయే. ఈ కథలో విమానము నడిపినవారు ఒక్కరే గాని వారు చేసిన పనులు రెండు. మొదటిది హైదరాబాదుమీద నుండగా మదరాసునకు పోవుదమని నిశ్చయించుట. రెండవది చేనిలో దింపుట. రెండవదానికి వ్యవధి లేదు. మొదటిదానికి కొంత కలదు. ఫ్లాపులు చాపియుండగా గంటకెంత ఇంధనము ఖర్చగును, ట్యాంకిలో నెంత యున్నది, మదరాసు ఎంత దూరము అనునది పట్టికలు చూచి కాగితముమీద వేయదగిన లెక్క. అది సాహసమును గాదు, పిఱికితనమును గాదు, కేవలము లెక్క. ఆ కాలపు ఎయిర్‌బస్సులలో ఇద్దఱు పైలటులతోపాటు ఒక ఫ్లైట్ ఇంజనీరు గూడ కూర్చుండెడివాడు. ఆ లెక్క ఎవరు వేసిరి, ఎప్పుడు వేసిరి, వేసినవాని మాట ఎవరు వినిరి అని అడుగుట కృతఘ్నత కాదు. చేనిలో దింపినందుకు పూలదండ వేసిన చేతితోనే ఈ ప్రశ్నపత్రమును అందీయవచ్చును.

మా న్యాయశాస్త్రములో దీనికి చక్కని కొలబద్ద యున్నది. 1878 సెప్టెంబరు 3వ తేదీన లండనునొద్ద థేమ్సు నదిలో ప్రిన్సెస్ ఆలిస్ అను విహారపు స్టీమరును బైవెల్ కాజిల్ అను బొగ్గుఓడ ఢీకొనెను. 600 మందికి పైగా మరణించిరి. ఢీకొనబోవు ఆఖరుక్షణమున బైవెల్ కాజిల్ వారు చుక్కానిని తప్పువైపునకు త్రిప్పిరని వాదము. మఱుసటి సంవత్సరము అప్పీలు కోర్టు ఆ వాదమును త్రోసివేసెను. ఇతరుల తప్పువలన హఠాత్తుగా ఆపదలో పడినవాడు కడపటి క్షణమున పొరపడినంతమాత్రమున దానిని అపరాధముగా నెంచరాదని తేల్చెను. నేడు మోటారు ప్రమాదముల దావాలలో, గేదెకు అడ్డుతొలగబోయి చెట్టునకు కొట్టిన లారీ డ్రైవరు తరఫున మేము చెప్పుకొనునది ఈ సూత్రమునే. కాని దీనికొక షరతు గలదు. ఆ ఆపద తాను తెచ్చిపెట్టుకొన్నది కాగూడదు. సరంగు అడిగినది సరిగా ఈ షరతునుగూర్చియే. అతడు న్యాయశాస్త్రము చదువలేదు. వరదగోదావరిలో పంటు నడిపినాడు.

కనడా దేశమున ఇట్టిదే జరిగినది. 1983 జూలై 23వ తేదీన ఎయిర్ కెనడావారి బోయింగు 767 విమానమునకు నేలమీదనే పౌనులకును కిలోగ్రాములకును లెక్క తప్పి, కావలసినదానిలో సగమునకు తక్కువ ఇంధనము పోసిరి. 41,000 అడుగుల యెత్తున ఇంజనులు ఆగిపోయెను. పైలటులు దానిని గాలిపటమువలె తేల్చుకొని వచ్చి గిమ్లీ అనుచోట పాత సైనిక రన్‌వేపై దింపిరి. 69 మందియు బ్రతికిరి. కంపెనీవారు ముందు ఆ కెప్టెనునకు కొంతకాలము పదవి తగ్గించిరి. పిదప 1985లో అంతర్జాతీయ విమానయాన సమాఖ్య ఆ ఇద్దఱు పైలటులకును ప్రశంసాపత్రమిచ్చి గౌరవించెను. మనవారికిది విపరీతముగా దోచును. నాకు దోచదు. శిక్ష న్యాయమైనదా కాదా యనునది వేఱుమాట. ఒకే మనుష్యుని రెండు పనులను వేఱువేఱు త్రాసులలో తూచిరి, అది ముఖ్యము.

ఇంధనపు లెక్కనుగూర్చియే మఱియొక ఉదాహరణము చెప్పవలసియున్నది. ఏలయన నేటి విమానయాన శిక్షణ యంతయు దానివలన మారినది. 1978 డిసెంబరు 28వ తేదీ రాత్రి అమెరికాలో పోర్ట్‌లాండు నగరముమీద యునైటెడ్ సంస్థవారి విమానమొకటి చక్రములు సరిగా దిగలేదను అనుమానముతో సుమారు గంటసేపు తిరుగుచుండెను. కెప్టెను అనుభవశాలి. చక్రములనుగూర్చియు, ప్రయాణికులను సిద్ధపఱచుటనుగూర్చియు అతడు శ్రద్ధగా ఆలోచించుచుండెను. ఆ శ్రద్ధలోనే ఇంధనము మఱచెను. ప్రక్కనున్న ఇంజనీరు ఇంధనము తగ్గుచున్నదని చెప్పుచునే యుండెను. కాని పెద్దవానికి చెప్పునట్లు, నసుగుచు చెప్పెను. ఇంజనులు ఒకదానివెంట నొకటి ఆగిపోయి విమానము ఊరి పొలిమేరలో కూలెను. 189 మందిలో పదిమంది చనిపోయిరి. ఆపద వచ్చినపుడు మనుష్యుని బుద్ధి ఒక్క చిక్కుముడినే పట్టుకొని వ్రేలాడును. కాలము పోవుటయే తెలియదు. గంట పది నిమిషములవలె తోచును. దీనినుండి పుట్టినదే, విమానము నడుపువారందఱును ఒకరి మాట నొకరు విని పని పంచుకొను శిక్షణ. పైలటులకు నేర్పు వరుసయు సులభమైనదే: ముందు విమానమును నడుపుము, పిదప దారి చూచుకొనుము, ఆ తరువాతనే మాటలాడుము. ఒకడు నడుపవలెను; రెండవవాడు పుస్తకము చూడవలెను, గడియారము చూడవలెను, తప్పు కనబడినచో గట్టిగా చెప్పవలెను.

గట్టిగా చెప్పుట! ఇచ్చటనే మనకు దెబ్బ తగులుచున్నది. 2010 మే 22వ తేదీన మంగుళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించిరి. దిగవద్దు, మరల పైకి లేపుమని కో-పైలటు ముమ్మాఱు చెప్పినట్లు విచారణలో తేలెను. కెప్టెను వినలేదు. కో-పైలటు తానే పూనుకొని లేపలేదు. పెద్దలకెదురు చెప్పరాదను మర్యాదలో పెరిగినవారము మనము. నేను జూనియరుగా నున్న దినములలో మా సీనియరు ఒక దావాలో కాలపరిమితి తేదీని తప్పుగా చెప్పుచుండగా వెనుక నిలిచి విన్నాను. కోటు అంచు పట్టి లాగుటకు చేయి రాలేదు. దావా పోయినది. పోయినది రెండెకరముల దావా. అప్పీలు కలదు గనుక మరల వచ్చినది. లోయ అంచున అప్పీలు లేదు.

వ్యవధి యుండగా చేసిన తప్పులివి. వ్యవధి లేనపుడు ఏమి జరుగునో చూచుటకు 2009 జనవరి 15వ తేదీ న్యూయార్కు సంగతి కంటె మంచి పాఠము లేదు. లాగార్డియా విమానాశ్రయమునుండి లేచిన ఎయిర్‌బస్సు 320, సుమారు 2,800 అడుగుల యెత్తున బాతులగుంపులో చొచ్చుకొనిపోయెను. రెండు ఇంజనులును శక్తి కోల్పోయెను. అచ్చటినుండి హడ్సను నదిలో దిగువఱకు పట్టినది దాదాపు మూడున్నర నిమిషములు. కెప్టెను సలెన్‌బర్గర్ నడపెను. స్కైల్స్ అను రెండవ పైలటు పుస్తకము తీసి ఇంజనులు మరల రగిల్చుటకు ప్రయత్నించెను. ఆ పుస్తకములోని పట్టిక మిక్కిలి యెత్తున, ఇరువదివేల అడుగులపైన, ఇంజనులాగినవారికై వ్రాసినది. మూడు పుటలు. పూర్తిచేయుటకు కాలము చాలలేదు. పట్టికలో వెనుక వరుసను వ్రాసియున్న ఒక పనిని, అనగా తోకయందలి చిన్న సహాయపు ఇంజనును నడిపించుటను, కెప్టెను తనంతట తానే మొదట చేసెను. విమానమునకు విద్యుత్తు నిలిచినది. 155 మందియు బ్రతికిరి.

అయినను అమెరికావారు అతనిని విచారించిరి. వెనుకకు మరలినచో రన్‌వే అందెడిది కాదా యని అడిగిరి. అదే స్థితిని యంత్రములో కల్పించి వేఱు పైలటులచేత నడిపించిరి. పక్షులు తగిలిన తక్షణమే మరలినవారిలో కొందఱు లాగార్డియా చేరగలిగిరి. కాని నిజమైన పైలటునకు ఏమి జరిగినదో ముందుగా తెలియదుగదా! తగిలినదేమి, పోయినది ఒక ఇంజనా రెండా, మరల రగులునా రగులదా అని గ్రహించుటకు వ్యవధి కావలెను. అందుకు 35 సెకండ్లు కలిపి మరల నడిపించిరి. ఈ సారి రన్‌వే అందలేదు. ఈ 35 సెకండ్లనుగూర్చి నేను పలుమాఱులు తలపోసితిని. నేలమీద కూర్చుండి తీర్పు చెప్పు మనము ఎదుటివానికి ఈయక దాచుకొనునది సరిగా ఈ 35 సెకండ్లనే. ఫలితము మనకు ముందే తెలియును, అతనికి తెలియదు. విచారించి, అతని గడియారమును అతని చేతికే యిచ్చి, తరువాత నిర్దోషి యనిరి. విచారింపకుండ దండ వేయుటకంటె అది గొప్ప గౌరవమని నా అభిప్రాయము.

ఇప్పుడు అహమ్మదాబాదు. లండనునకు పోవు ఎయిర్ ఇండియా బోయింగు 787 లేచినది మొదలు దానిలోని యంత్రలేఖనము ఆగిపోవువఱకు గడచినది 32 సెకండ్లు. మన అరుగుమీద ఒకరినొకరు పలుకరించుకొని కూర్చుండుటకు పట్టు కాలము. విమానమందలి 242 మందిలో 241 మంది, నేలమీద 19 మంది మరణించిరి. ప్రాథమిక నివేదిక చెప్పినది ఇంతే: లేచిన మూడు సెకండ్లకు ఇంజనులకు ఇంధనమిచ్చు రెండు స్విచ్చులును, ఒక సెకండు ఎడముగా, ఆపుస్థితికి మాఱెను. ఏల ఆపితివని ఒక పైలటు అడిగెను. నేను ఆపలేదని రెండవవాడనెను. సుమారు పది సెకండ్లకు వానిని మరల నడుపుస్థితికి త్రిప్పిరి. ఇంజనులు రగులుకొన మొదలిడెను, ఎత్తు చాలలేదు. అడిగినదెవరో, బదులిచ్చినదెవరో నివేదిక చెప్పలేదు. స్విచ్చులు ఏల మాఱెనో చెప్పలేదు. ఎవరిని దోషియనలేదు. ఈ మూడు 'లేదు'లను మన పత్రికలు, మన సెల్‌ఫోనులు, మన పఠనమందిరములు మూడు 'అవును'లుగా చదువుకొన్నవి. 2025 నవంబరులో చనిపోయిన కెప్టెను తండ్రి సుప్రీంకోర్టు మెట్లెక్కగా, ప్రాథమిక నివేదికలో అతని కుమారునిపై నిందలేదనియు, ఆ భారమును అతడు మోయనక్కఱలేదనియు న్యాయమూర్తులు చెప్పవలసివచ్చెను. తొంబదియేండ్లు దాటిన తండ్రికి ఈ యొక్కమాటకై ఉన్నతోన్నత న్యాయస్థానము వఱకు పోవలసిన గతి పట్టించినది ఏ ప్రభుత్వమును గాదు. మనము.

విమానప్రమాద పరిశోధన నేరవిచారణ కాదని చట్టమే చెప్పుచున్నది. మన దేశపు 2017 నాటి నియమములలోను, అంతర్జాతీయ ఒడంబడిక 13వ అనుబంధములోను పరిశోధనోద్దేశము ఒక్కటే: మరల జరుగకుండ చూచుట, నింద పంచుట కాదు. అట్లయిన దోషికి శిక్ష వద్దా యని ఒక మిత్రుడు నన్నడిగెను. ఎవరు వద్దనిరి? నిర్లక్ష్యముచే ప్రాణహాని కలిగించినవానికి భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను కలదు, న్యాయస్థానములు కలవు. రెండు కచేరీలు వేఱు. ఒక కచేరీలో నిజము చెప్పినవానిని రెండవ కచేరీకి బేడీలతో ఈడ్చుకొనిపోవుదురను భయము పుట్టినచో మొదటి కచేరీలో ఎవ్వడును నిజము చెప్పడు. తాను నిన్న చేసిన చిన్న పొరపాటును పైలటు నేడు ధైర్యముగా వ్రాసి యీయగలిగినపుడే రేపటి పెద్ద పొరపాటు తప్పును.

మఱియొక సంగతి. ఆకాశములోని తొందర అంతయు ఆకాశములోనే పుట్టదు. 2020 ఆగస్టు 7వ తేదీన కోళికోడులో వానలో దిగిన విమానము రన్‌వే దాటి పడి, పైలటులతో సహా 21 మంది మరణించిరి. పైలటు నియమములు పాటింపలేదని విచారణసంఘము స్పష్టముగానే వ్రాసెను. కాని అంతటితో ఆగలేదు. మఱునాటి ఉదయము ఆ ఊరినుండి మఱియొక విమానము నడుపవలసిన పని ఆ కెప్టెనునకే కలదనియు, అక్కడ తగినంతమంది కెప్టెనులను ఉంచని కంపెనీ పద్ధతి దీనికి కారణమనియు, ఎట్లైనను అచ్చటనే దిగవలెనను ఆతురత అతని నిర్ణయములను నడపినదనియు గూడ వ్రాసెను. ఉద్యోగుల పట్టిక వ్రాసిన గుమాస్తా కలము ఆ రాత్రి ఆ పైలటు చేతిమీద నుండెనన్నమాట.

పైలటుల రాత్రిపనికిని విశ్రాంతికిని సంబంధించిన క్రొత్త నియమములు 2025 నవంబరు 1వ తేదీ నుండి పూర్తిగా అమలునకు వచ్చెను. డిసెంబరు మొదటివారములో వేలకొలది విమానములు రద్దయ్యెను. విమానాశ్రయములలో జనులు గోలచేసిరి. వెంటనే కొన్ని నియమములకు తాత్కాలికముగా సడలింపు వచ్చినది. చాలినంతమందిని ముందుగా చేర్చుకొనని కంపెనీని, ఏడాదికి పైగా వ్యవధి యుండియు చూచుచు ఊరకున్న అధికారులను తిట్టవలసిన నోళ్లు నియమమునే తిట్టెను. నిద్రలేని లారీ డ్రైవరును చూచి బస్సు దిగిపోవు మనము, నిద్రలేని పైలటును మాత్రము టికెట్టు ధరలో కలిపి కొనుక్కొందుము!

ఈ పాపములో నాకును భాగము కలదు. కొన్నేండ్లక్రిందట సంక్రాంతి దినములలో హైదరాబాదునుండి రాజమహేంద్రవరమునకు వచ్చుచుంటిని. మధురపూడిమీద పొగమంచు. విమానము రెండుమాఱులు చుట్టి, దిగక, మరల హైదరాబాదునకే తీసికొనిపోయిరి. మఱునాడు నరసాపురము కోర్టులో నాకొక వాదన యుండెను. విమానములో అందఱితోపాటు నేనును లేచి నిలిచి, "ఇంత కనబడుచున్నదిగదా, దింపిన నేమి?" యని కిటికీలోనుండి చూచుచు కేకవేసితిని. ప్రక్క కిటికీలోనుండి నాకు కనబడినది క్రిందనున్న కొబ్బరితల. పైలటు ముందరి అద్దములోనుండి చూడవలసినది మూడుమైళ్ల ముందున్న రన్‌వే. ఇంటికి వచ్చి రెండురోజుల పిదపగాని ఈ తేడా నాకు తట్టలేదు. కంపెనీవారికి ఫిర్యాదు మాత్రము మొదటిరోజుననే వ్రాసియుంటిని. 1993లో బేగంపేటమీద కనబడనిచోట దిగని పైలటును మెచ్చుకొన్నవాడనే ఈ పని చేసితిని. ఇట్టి ఫిర్యాదులు వేలకొలదిగా పోయి కంపెనీ లెక్కలలో చేరును. లెక్కలు మేనేజరు నోటికి వచ్చును. మేనేజరు మాట పైలటు చెవిలో పడును. మంచుకమ్మిన ఉదయమున రన్‌వే కనబడియు కనబడకుండగా అతనికి ఆ మాట వినబడకుండుగాక!

ఇప్పుడు మనము కోరవలసినది ప్రభుత్వమునొద్ద కొంత, మనయొద్ద కొంత కలదు. ప్రమాదనివేదికలు ఇంగ్లీషులో వ్రాయబడి ఢిల్లీలో నిదురించుచున్నవి. తిరుపతి చేలలో దిగిన విమానమునుగూర్చిన విచారణపత్రమును మన జిల్లా గ్రంథాలయములలో నేనెక్కడను చూడలేదు. ఆ విమానములోని నటుల చిత్రములు గోడగోడకు నున్నవి. విమానములలో తెలుగువారు ఎక్కుచున్నారు, తెలుగునాట రన్‌వేలు పెరుగుచున్నవి. విమానమెట్లు పడెనో, ఎట్లు పడక నిలిచెనో తెలుగున చదువుకొను హక్కు మనకు లేకపోవుట యేమి? పౌరవిమానయాన శాఖ ఈ నివేదికలను దేశభాషలలో ప్రకటింపవలెనని మా న్యాయవాదుల సంఘము తరఫున ఒక మహజరు సిద్ధముచేయుచున్నాము. చేవ్రాలు చేయగోరువారు నరసాపురము కోర్టు ఆవరణలో నన్ను కలిసికొనవచ్చును.

అంతవఱకు ఊరకుండనేల? అహమ్మదాబాదు ప్రాథమిక నివేదిక పదునైదు పుటలు మాత్రమే. రాబోవు ఆదివారము సాయంకాలము ఐదుగంటలకు మొగల్తూరు పఠనమందిరములో దానిని మొదటినుండి కడవఱకు తెలుగున చదివి వినిపింతుము. చదువుట ముగియువఱకు ఎవ్వరును అభిప్రాయము చెప్పరాదను నియమమొకటి పెట్టితిమి. పాటించుట నాకే కష్టము. సరంగుగారు ఇప్పుడు పంటు మాని ఇంటిపట్టుననే యున్నారు. వారికిని కబురుపెట్టితిని. యంత్రభాగముల పేర్లు తెనిగించుటకు డిప్లొమా చదివిన కుఱ్ఱవాండ్రిద్దఱు శనివారమునాడే వచ్చి తోడ్పడినచో పని సుకరమగును.